చదువుకున్నవాడు, విద్యావంతుడు, అక్షరాస్యుడు: ముగ్గురూ ఒకరేనా?

‘సమగ్ర శిక్ష ఉద్యోగుల సమ్మె’ అనే హెడ్డింగ్ చూసి మాకు తెలిసిన ఆరో తరగతి అమ్మాయి ఒకసారి అడిగింది, “ఎవరికి వేశారు అంత శిక్ష?” అని. అడగాల్సిన ప్రశ్నే. తెలుగు మాత్రమే తెలిసినవాళ్లకి ఆ రెండు మాటలూ పక్కపక్కన చూస్తే తోచే అర్థం అదే మరి. అసలు సంగతేమిటంటే అది బడి చదువుల కోసం కేంద్రం 2018లో తెచ్చిన పథకం పేరు. 2001 నుంచి నడుస్తున్న సర్వశిక్షా అభియాన్‌నీ, హైస్కూలు చదువులకీ టీచర్ల శిక్షణకీ విడిగా ఉన్న పథకాల్నీ కలిపేసి దీన్ని చేశారు.

ఆ అమ్మాయికి జవాబు చెప్పబోతే నాకే ఒక్కో మాట దగ్గర ఆగి ఆలోచించుకోవాల్సి వచ్చింది. శిక్ష, శిక్షణ, చదువు, విద్య, అక్షరాస్యత, సంస్కారం... అన్నీ రోజూ వాడేవే, ఒకదాని బదులు ఇంకోటి వేసేస్తుంటాం కూడా. మామూలు కబుర్లలో దానివల్ల నష్టమేం లేదు. కానీ “అక్షరాస్యత ఇంత పెరిగింది కదా, ఇంకా ఇలాగే ఎందుకున్నాం?”, “అంత చదువుకుని ఇదేం పని?”, “డిగ్రీ ఉండి ఉద్యోగం రాకపోతే అదేం చదువు?” లాంటి వాదనలు మొదలయ్యాయంటే, ఇద్దరూ ఒకే మాట పట్టుకుని రెండు వేరే విషయాల గురించి గంటలకొద్దీ కొట్లాడుకుంటారు. అందుకే ఈ మాటల్ని కాస్త విప్పి చూడటం అవసరం అనిపిస్తుంది.

## శిక్ష అంటే దండన ఎలా అయింది?

సంస్కృతంలో ‘శిక్ష్’ అనే ధాతువుకి అర్థం నేర్చుకోవడం, విద్య సంపాదించడం. భాషాశాస్త్రవేత్తలు ఇంకో అడుగు వెనక్కి వెళ్లి ఇది ‘శక్’ అనే ధాతువు నుంచి వచ్చిందంటారు. శక్తి, శక్యం అనే మాటలు పుట్టింది అందులోంచే. ఆ లెక్కన శిక్ష మొట్టమొదటి అర్థం ‘ఒక పని చేతనవ్వాలని కోరుకోవడం’. పక్కవాడు చేస్తుంటే చూసి, నాకూ ఇది రావాలి అనుకుంటామే, ఆ కోరిక అన్నమాట. ఎంత మంచి మాటో చూడండి.

తర్వాత దీనికి ఒక ప్రత్యేకమైన అర్థం కూడా వచ్చింది. ఆరు వేదాంగాల్లో శిక్ష ఒకటి, అక్కడ దాని అర్థం ఉచ్చారణ శాస్త్రం. తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి అనే భాగం శిక్ష అంటే ఏమిటో చెబుతూ వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అని వరుసగా ఆరు లెక్కపెడుతుంది. అన్నీ అక్షరాన్ని సరిగ్గా పలకడం గురించే. దండన ఊసు ఎక్కడా లేదు.

మరి దండన ఎక్కడ దూరింది? నేర్పడం అంటే అదుపులో పెట్టడం, అదుపులో పెట్టడం అంటే తప్పితే సరిచెయ్యడం, సరిచెయ్యడం అంటే దెబ్బ. ఇలా మెల్లగా జారిందని ఊహించడం కష్టమేం కాదు. హిందీ, బెంగాలీ దాకా ఈ జారుడు వెళ్లలేదు, అక్కడ శిక్ష అంటే ఇప్పటికీ చదువే. మరాఠీలో శిక్షణ చదువు, శిక్ష దండన. కన్నడంలోనూ అంతే. తెలుగులో శిక్ష దండనకి వెళ్లిపోయింది, శిక్షణ ట్రైనింగుకి వెళ్లిపోయింది, ఇక చదువు అని చెప్పడానికి ఈ కుటుంబంలో మాటే మిగల్లేదు. 1860 నాటి నేరాల చట్టాన్ని, అంటే 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చేదాకా నడిచిన చట్టాన్ని, మనం శిక్షాస్మృతి అని పిలుచుకున్నాం. అదే చట్టం హిందీలో దండ సంహిత. కాబట్టి ఢిల్లీలో ‘శిక్ష’ అని పేరు పెట్టినవాళ్ల మనసులో పుస్తకాల సంచీ ఉంటే, అదే పేరు తెలుగులో చదివినవాళ్ల మనసులో కోర్టు బోను మెదులుతుంది.

ఇది ఒక్క శిక్షకే పట్టిన గతి కాదు. ‘శాస్’ అనే ధాతువుకి బోధించడం, ఆజ్ఞాపించడం, దండించడం అనే అర్థాలన్నీ ఉన్నాయి. శాస్త్రం అందులోంచే వచ్చింది, శిష్యుడు అందులోంచే వచ్చాడు, “వాడికి తగిన శాస్తి జరిగింది” అంటామే, ఆ శాస్తి కూడా అందులోదే. బెంగాలీలో దండనకి మామూలు మాట శాస్తి. సంస్కృతాన్ని పక్కన పెట్టి మన వాడుక భాష చూసుకున్నా అంతే: “వాడికి బుద్ధి చెప్పాలి”, “ఒక పాఠం నేర్పాలి” అంటే ఎవరూ పలకా బలపం తెచ్చుకోరు. నేర్పడానికీ కొట్టడానికీ మధ్య ఉన్న గీత మన మాటల్లో చాలాకాలం నుంచి చెరిగిపోయి ఉంది. ఈ విషయం నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే అది మాటల్లో ఆగలేదు కదా. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం తన 17వ సెక్షన్లో పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించాల్సి వచ్చిందంటే, నేర్పడం వేరు, దండించడం వేరు అని చట్టం పనిగట్టుకుని చెప్పాల్సిన పరిస్థితి ఉండబట్టే.

## చదువు: ఒక్క మాట, చాలా పనులు

“ఏం చదువుతున్నావ్?” అని ఎవరైనా అడిగితే జవాబు “నవల” కావొచ్చు, “ఇంటర్” కావొచ్చు, “కాస్త ఆగు, వార్తలు” అని కూడా కావొచ్చు. కళ్లతో అక్షరాలు పోల్చుకోవడం, ఒక తరగతిలో చేరి ఉండటం, ఒక విషయాన్ని లోతుగా పట్టించుకోవడం, చేతికొచ్చిన డిగ్రీ, ఇవన్నీ చదువే. ఇది భాషకున్న లోపం అని నేననను, కానీ ఏ అర్థంలో వాడుతున్నామో చూసుకోకపోతే చిక్కొస్తుంది.

ఈ వాక్యం చూడండి: “ఆయన పెద్ద చదువులు చదివాడు గానీ చదువుకున్నవాడిలా ప్రవర్తించడు.” పైకి చూస్తే ఒకే మాటని ఒప్పుకుని, మళ్లీ కాదంటున్నట్టుంది. కానీ తెలుగువాళ్లెవరికీ ఇందులో గందరగోళం కనిపించదు. మొదటి చదువు డిగ్రీ. రెండో చదువు ఆ డిగ్రీతో పాటు మనిషికి వస్తుందని మనం ఆశపడే తీరు. దీనికి విడిగా సంస్కారం అనే మాట ఉంది. బాగు చెయ్యడం, మెరుగు పెట్టడం అని దాని అర్థం. మెరుగు పెట్టిన భాష సంస్కృతం, మెరుగుపడిన నడత సంస్కారం. ‘చదువూ సంస్కారం’ అని రెండింటినీ జంటగా పలకడం అలవాటైపోయి, ఒకటి ఉంటే రెండోది ఉండి తీరాలని అనుకుంటాం. లేకపోతే మోసపోయినట్టు ఫీలవుతాం. నిజానికి సిలబస్‌లో ఉన్నది మొదటిదే.

పోతన భాగవతంలో ప్రహ్లాదుడి పద్యం గుర్తుందా, “చదివించిరి నను గురువులు” అని మొదలయ్యేది? అందులో చదివించడం అంటే బడికి పంపి నేర్పించడం, చదివితి అంటే శాస్త్రాలు నేర్చుకున్నానని, చదువులు అంటే విద్యా శాఖలు. చివర్లో ‘చదువులలో మర్మమెల్ల చదివితి’ అన్నప్పుడు మాత్రం ఆ చదవడం వేరు. అది గురువులు అప్పజెప్పినది కాదు, వాటి వెనకనున్నది తనంతట తాను పట్టుకోవడం. ఒకే పద్యంలో ఒకే మాటని ఇన్ని మెట్లు ఎక్కించాడు. తండ్రికీ కొడుక్కీ గొడవ కూడా సరిగ్గా అక్కడే వచ్చింది. చదువు అన్న మాటలో ఇద్దరికీ వినపడింది ఒకటి కాదు.

ఇంకో విషయం. “చదివాడు” వేరు, “చదువుకున్నాడు” వేరు. మొదటిది ఒక ఉత్తరాన్ని చదవడం, రెండోది మనిషిని గురించి చెప్పే మాట. ఆ తేడా తెచ్చేది ‘కొను’. “ఈ రోజుల్లో చదువుకోవడం పోయి చదువు కొనడం వచ్చింది” అని ఒక చమత్కారం అందరూ పంచుకుంటుంటారు. ఫీజుల బాధ నిజమే, కాదనను. కానీ ఈ ‘కొను’ డబ్బులిచ్చి తెచ్చుకునేది కాదు. పాత తెలుగులో కొనడం అంటే తీసుకోవడం, గ్రహించడం అనే అర్థాలు గట్టిగా ఉండేవి, చేకొను, కైకొను లాంటి మాటల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. రాసుకోవడం, కడుక్కోవడం, నేర్చుకోవడం, వీటన్నిట్లో పని చేసినవాడికే ఫలం దక్కుతుంది. చదువుకోవడమూ అలాంటిదే. ఒకరి తరఫున ఇంకొకరు చదివి పెట్టొచ్చు, చదువుకుని పెట్టడం మాత్రం కుదరదు.

మరోవైపు చూస్తే, చదువు మన ప్రయత్నం మీద మాత్రమే ఆధారపడదని కూడా ఈ భాషకి తెలుసు. “నాకు ఈత వచ్చు”, “వాడికి లెక్కలు రావు”, “చదువు అబ్బలేదు”, “బుర్రకెక్కలేదు”, “ఒంటబట్టలేదు” అంటాం. చదువు తనంతట తాను వచ్చి చేరేదన్నట్టు. చదువు తలకెక్కడమే కాదు, ఒంటికి పట్టాలి కూడా. పరీక్ష అయిన వారానికే మరిచిపోయేది ఎక్కినట్టే గానీ పట్టినట్టు కాదు.

## విద్య: తెలియడమా, బతకడమా, విడిపోవడమా?

విద్యకి మూలం ‘విద్’, తెలుసుకోవడం. వేదం, విద్వాంసుడు, కోవిదుడు అందులోంచి వచ్చినవే. లాటిన్‌లో చూడటం అనే అర్థమున్న ‘విదేరే’ కూడా దీనికి దూరపు చుట్టమే, వీడియో అనే మాట దాన్నుంచే వచ్చింది. తెలుసుకోవడాన్ని చూడటంతో ముడిపెట్టడం మన భాషలోనూ ఉంది. తెలియడం, తెలివి, తేట, తెల్ల, తెల్లవారడం ఒకే కుదుట్లోంచి వచ్చిన మాటలు. మూర్ఛలోంచి లేచినవాళ్లని “తెలివొచ్చింది” అంటాం. మసక పోయి తేటపడటమే తెలియడం.

అయితే విద్య అనగానే ఇప్పుడు మనకి స్కూలు గుర్తొస్తుంది గానీ, పాత వాడుకలో దాని పరిధి చాలా పెద్దది. గారడీ విద్య, విలువిద్య, చివరికి చోరవిద్య కూడా. ‘కోటి విద్యలు కూటి కొరకే’ అనే సామెతలో విద్య అంటే చేతనైన పని, బతుకుతెరువు. దీనికి పూర్తిగా ఎదురుగా విష్ణుపురాణంలో ‘సా విద్యా యా విముక్తయే’ అని ఉంది, విముక్తినిచ్చేదే విద్య అని. ఇప్పుడు టీవీ చర్చల్లో “చదువు ఉద్యోగం కోసమా, వ్యక్తిత్వం కోసమా?” అని కొత్త ప్రశ్నలా అడుగుతుంటారు. కూటికీ విముక్తికీ మధ్య ఈ లాగులాట ఎన్ని వందల ఏళ్ల నుంచో ఉన్నదే.

ముండకోపనిషత్తు ఈ గొడవని ఒక పద్ధతిలో తేల్చింది. విద్యలు రెండు, పర, అపర అంది. నాలుగు వేదాల్నీ, పైన చెప్పుకున్న శిక్షతో సహా ఆరు వేదాంగాల్నీ అపరలో, అంటే కింది మెట్టులో పెట్టింది. వేదాన్నే కింద పెట్టే ధైర్యం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. మరి పరావిద్య ఏది అంటే, దేనివల్ల ఆ ‘అక్షరం’ తెలుస్తుందో అది. ఇక్కడ అక్షరం అంటే క్షరం కానిది, నశించనిది. అదే మాటని మనం పలక మీద రాసే ‘అ’కీ వాడుతున్నాం.

## అక్షరాస్యుడని ఎవరిని లెక్కేస్తారు?

అక్షరాస్యత అనే మాటని విడదీస్తే అక్షరం, ఆస్యం. ఆస్యం అంటే నోరు. నోట్లో అక్షరం ఉన్నవాడు అక్షరాస్యుడు. దీనికి ఎదురుమాట నిరక్షరకుక్షి, అందులో కుక్షి అంటే పొట్ట. “పొట్ట కోస్తే అక్షరం ముక్క లేదు” అనే తెలుగు నుడికారం సరిగ్గా అదే మాట చెబుతుంది.

మాట సంగతి అలా ఉంచి, జనాభా లెక్కల్లో దీనికి కచ్చితమైన నిర్వచనం ఉంది. ఏడేళ్లు నిండినవాళ్లు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే అక్షరాస్యులు. ఈ ఏడేళ్ల నియమం 1991 నుంచి ఉంది. బడికి వెళ్లి ఉండాలనీ, ఏదో తరగతి పాసై ఉండాలనీ ఎక్కడా లేదు. వినడానికి తేలిగ్గా ఉంది కదా, ఐదుగురిని నిలబెట్టి చూద్దాం.

ఒకావిడ సంతకం పెట్టగలదు, అంతకుమించి రాదు. ఆమె అక్షరాస్యురాలు కాదు. ఒకాయన పేపరు గడగడా చదువుతాడు గానీ రాయలేడు, ఆయనా కాదు. ఒకామె బడి గడప తొక్కలేదు, ఇంట్లో పిల్లల పుస్తకాలు చూసి నేర్చుకుని ఉత్తరాలు రాస్తుంది, చదువుతుంది. ఆమె అక్షరాస్యురాలు. చూపులేని ఒకాయన బ్రెయిల్ చదువుతాడు, ఆయన్ని అక్షరాస్యుడిగానే లెక్కేస్తారు. ఐదో వ్యక్తి ఆరేళ్ల పాప, కథల పుస్తకాలు తనే చదివేసుకుంటుంది, చక్కగా రాస్తుంది కూడా. నియమం ప్రకారం ఆ పాప నిరక్షరాస్యురాలు.

కాబట్టి 2011 లెక్కల్లో దేశ అక్షరాస్యత సుమారు 73 శాతం అని చదివినప్పుడు, అది ఏడేళ్లు పైబడినవాళ్లలో ఇంతమందికి చదవడం, రాయడం వచ్చు అని మాత్రమే. ఎంతమంది చదువుకున్నవాళ్లు అని కాదు, ఎంతమందికి లెక్కలొచ్చని కాదు, ఎంతమంది ఆలోచనాపరులని అసలే కాదు. పైగా ఇంటికొచ్చినవాళ్లు అడుగుతారు, మనం చెబుతాం, అంతే. అక్కడ కూర్చోబెట్టి డిక్టేషన్ చెప్పరు. 1958లో యునెస్కో చెప్పిన నిర్వచనం కూడా దాదాపు ఇలాంటిదే: రోజువారీ జీవితం గురించిన ఒక చిన్న వాక్యాన్ని అర్థం చేసుకుని చదవడం, రాయడం. 1978కి వచ్చేసరికి అది చాలదనిపించి, తన చుట్టూ ఉన్న సమాజంలో పనులు చక్కబెట్టుకోవడానికి సరిపడా చదవడం, రాయడం, లెక్క వేయడం రావాలని ‘ప్రయోజనాత్మక అక్షరాస్యత’ని చేర్చారు. అప్లికేషన్ ఫారంలో తన పేరు రాయగలిగినవాడికి, అదే ఫారంలో అడిగిన ప్రశ్నలు అర్థం కాకపోవచ్చు. ఆ రెంటికీ మధ్య దూరం చిన్నదేం కాదు.

## శిక్షణకీ విద్యకీ తేడా ఎక్కడ?

ఒక లెక్కతో చెబితే తేలిగ్గా ఉంటుంది. తరగతిలో పదిమంది పిల్లలు. తొమ్మిదిమందికి 40 మార్కులొచ్చాయి, ఒకరికి 100. సగటు ఎంత? తొమ్మిది నలభైలు 360, దానికి 100 కలిపితే 460, పదితో భాగిస్తే 46. కంప్యూటర్లో ఆ అంకెలు వేసి, ఏ మీట నొక్కితే 46 వస్తుందో నేర్పడం శిక్షణ. నేర్చుకున్నవాడు పదిమందికైనా పదివేల మందికైనా క్షణంలో, తప్పు లేకుండా సగటు తీస్తాడు. ఆ 46ని చూసి “ఇంతకీ 46 వచ్చిన పిల్లలెవరు? ఒక్కరూ లేరే! పదిమందిలో తొమ్మిదిమంది సగటు కింద ఎలా ఉన్నారు?” అని ఆగి అడగడం దగ్గర విద్య మొదలవుతుంది. శిక్షణకి ఏం చెయ్యాలో ముందే తెలిసి ఉంటుంది, దాన్ని బాగా చెయ్యడమే పని. విద్యలో చెయ్యాల్సినది సరైనదేనా అనే ప్రశ్న కూడా భాగం.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే శిక్షణ ఏదో తక్కువరకం అన్నట్టు అవుతుంది, అది అన్యాయం. విమానం కుదుపులకి లోనైనప్పుడు పైలట్ చేతులు వాటంతట అవి కదలాలి. ఆపరేషన్ టేబుల్ మీద ఉన్న మనిషికి కావాల్సింది సర్జన్ వేళ్ల సాధన. ఎక్కాలు నోటికొచ్చిన పిల్లకి భిన్నాల దగ్గర ఆలోచించే తీరిక ఉంటుంది, రానిదానికి తీరికంతా గుణకారానికే అయిపోతుంది. అంటే శిక్షణ చాలాసార్లు విద్యకి దారి చేస్తుంది. చేతి పనులు నేర్చినవాళ్లని ‘శిక్షణ పొందినవాళ్లు’ అనీ, పుస్తకాలు చదివినవాళ్లని ‘విద్యావంతులు’ అనీ విడదీసి మర్యాద పంచడం మాత్రం మాటల అర్థంలో ఉన్నది కాదు, మనం పెట్టుకున్నది. తెలుగులో నేర్పు అంటే నైపుణ్యం, నేర్పు అంటే బోధించు కూడా. ఆ మాటకి చెయ్యీ బుర్రా వేరువేరు కావు.

ప్రభుత్వాలు కూడా ఈ రెంటి మధ్య ఊగుతుంటాయి. 1985లో కేంద్ర విద్యాశాఖ పేరు మానవ వనరుల అభివృద్ధి శాఖగా మారింది. 2020లో కొత్త విద్యా విధానంతో పాటు మళ్లీ విద్యా మంత్రిత్వ శాఖ అయింది. ‘వనరు’ అనే మాటని సమర్థించేవాళ్లు, దేశానికి మనుషులే అసలైన సంపద అని, ఆరోగ్యంతో నైపుణ్యంతో కలిపి చూస్తేనే చదువుకి అర్థమని అంటారు. కాదనేవాళ్లు, బొగ్గూ నీళ్లూ వనరులు, పిల్లలు ఎవరికో పనికొచ్చే సరుకు కాదు కదా అంటారు. నా మనసు రెండోవైపే మొగ్గుతుంది గానీ, మొదటివాళ్ల వాదనలో ఆకలి గురించిన నిజం ఉందని ఒప్పుకోవాలి.

## ఎడ్యుకేషన్ అంటే లోపలున్నది బయటికి తియ్యడమా?

వేదికల మీద తరచూ వినపడే మాట ఒకటుంది. ఎడ్యుకేషన్ అనేది లాటిన్‌లో ‘ఎడ్యుకేరె’ నుంచి వచ్చింది, దాని అర్థం పిల్లల లోపల ఉన్నదాన్ని బయటికి తీసుకురావడం అని. ఇందులో రెండు మాటలు కలిసిపోయాయి. లాటిన్‌లో బయటికి నడిపించడానికి ఒక క్రియ ఉంది, పెంచి పోషించడానికి ఇంకొకటి ఉంది. చూడటానికి కవలల్లా ఉంటాయి, చుట్టరికమూ ఉంది. ఎడ్యుకేషన్ నేరుగా వచ్చింది రెండోదాన్నుంచి, అంటే పెంపకం నుంచి. లోపలున్నది బయటికి అనే భావన అందమైనదే, నచ్చితే నమ్మొచ్చు. నిఘంటువు సాక్ష్యంగా దాన్ని నిలబెట్టడం మాత్రం సరికాదు.

అసలు వాదన వేరే ఉంది. 1937లో గాంధీ తన విద్యా ఆలోచనల్ని చెబుతూ, పిల్లల్లోనూ పెద్దల్లోనూ శరీరం, మనసు, ఆత్మ మూడింట్లో ఉన్న మంచినంతా వెలికి తియ్యడమే విద్య అన్నారు. అక్షరాస్యత విద్యకి గమ్యం కాదు, కనీసం మొదలు కూడా కాదన్నారు. అందుకే ముందు చేతిపనితో మొదలుపెట్టాలన్నారు. దీనికి యాభై ఏళ్ల ముందే జోతిరావు ఫూలే రైతుల దుస్థితి మీద 1883లో పూర్తిచేసిన పుస్తకం మొదట్లోనే ఒక గొలుసు కట్టారు: విద్య లేక మతి పోయింది, మతి లేక నీతి, నీతి లేక గతి, గతి లేక విత్తం పోయాయి, విత్తం లేక శూద్రులు కుంగిపోయారు, ఇన్ని అనర్థాలూ ఒక్క అవిద్య వల్లే అని.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో తెలుస్తుంది. అక్షరం ఎప్పుడూ అందుబాటులో ఉన్నచోటు నుంచి చూస్తే, ఉత్త అక్షరాలు బట్టీపట్టడం వల్ల ఏం ఒరుగుతుందనే ప్రశ్న న్యాయమైనదే. ఆ అక్షరాన్నే తరతరాలుగా ముట్టుకోనివ్వనివాళ్ల వైపు నుంచి చూస్తే, ముందు అది చేతికి రానీ, తర్వాత దాని హద్దుల గురించి మాట్లాడుకుందాం అనడం ఇంకా న్యాయం. జోతిరావు, సావిత్రిబాయి 1848లో పుణెలో ఆడపిల్లల బడి తెరిచినప్పుడు అక్కడ మొదలైంది చదవడం, రాయడంతోనే. అప్పుడు దాని బరువు వేరు. ‘అక్షరాస్యత విద్య కాదు’ అనే వాక్యం నిజమే కావొచ్చు, ఎవరు ఎవరితో అంటున్నారన్నదాన్ని బట్టి అది హితవు అవుతుంది, లేదా గుమ్మం మూసెయ్యడం అవుతుంది.

## చెప్పేవాళ్ల పేర్లలో ఏముంది?

గురువు అంటే ‘గు’ చీకటి, ‘రు’ పోగొట్టేది అని అందరికీ తెలిసిన వివరణ. అది భక్తితో చెప్పిన అర్థం. వ్యాకరణం ప్రకారం గురువు అంటే బరువైనది. ఛందస్సులో లఘువు, గురువు అని గుర్తులు పెట్టినవాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది. ఉపాధ్యాయుడు అంటే ఎవరి దగ్గరికి చేరి చదువుకుంటామో ఆయన. మనుస్మృతి లెక్కలో వేదంలో కొంత భాగాన్ని జీవనం కోసం చెప్పేవాడు ఉపాధ్యాయుడు, ఉపనయనం చేసి మొత్తం వేదం చెప్పేవాడు ఆచార్యుడు. ఇప్పుడు ఆ తేడాలు పోయి, బళ్లో ఉంటే ఉపాధ్యాయుడు, యూనివర్సిటీలో ఉంటే ఆచార్యుడు. యూనివర్సిటీని విశ్వవిద్యాలయం అన్నాం గానీ, లాటిన్‌లో దాని మూలానికి అర్థం గురువులూ విద్యార్థులూ కలిసి కట్టుకున్న సంఘం. విశ్వం అనే అర్థమున్న ‘యూనివర్స్’తో దానికి మాటల చుట్టరికం ఉంది గానీ, అక్కడ ఉద్దేశించింది విశ్వాన్ని కాదు.

ఉపాధ్యాయుడు ప్రాకృతంలో అరిగి అరిగి తెలుగులోకి వచ్చేసరికి ఒజ్జ అయ్యాడు. ఆ ఒజ్జ పిల్లాడి కోసం పైన ఒక వరుస రాసిచ్చేవాడు, దాన్ని చూసి కింద అలాగే రాయాలి. ఆ వరుస పేరు ఒజ్జబంతి, ఇంకో పేరు ఒరవడి. పత్రికల్లో ఇప్పుడు ‘కొత్త ఒరవడి సృష్టించారు’ అని రాస్తున్నామే, ఆ ఒరవడి ఒకప్పుడు పిల్లలు చూసి రాయడానికి పెట్టిన మేలుబంతి అక్షరాల వరుస. అనుకరించడానికి పుట్టిన మాట ఇప్పుడు ఎవరినీ అనుకరించకపోవడానికి గుర్తైంది.

ఆ వరుస మీద పిల్లలు చేసే పనికి పేరు దిద్దడం. టీచర్ రాసిన ‘అ’ మీద చిన్న వేళ్లు బలపాన్ని పట్టుకుని, కొంచెం గీత దాటుతూ, మళ్లీ వెనక్కి తెచ్చుకుంటూ, అదే ‘అ’ లావెక్కేదాకా దిద్దుతాయి. పరీక్ష అయ్యాక ఎర్ర పెన్ను పట్టుకుని టీచర్ చేసేది కూడా దిద్దడమే, పేపర్లు దిద్దడం. ఒకరిది అడుగులో అడుగు వెయ్యడం, ఇంకొకరిది తప్పు పట్టుకుని సరిచెయ్యడం, రెండింటికీ ఒకే క్రియ. నేర్పడానికి దెబ్బ అక్కర్లేదని చెప్పే మాట ఏదైనా మన భాషలో ఉందా అని నన్నడిగితే, నేను దీన్నే చూపిస్తాను.

## ఒక్క ఆజ్ఞార్థకం, రెండు అనువాదాలు

1942లో నాగపూర్‌లో జరిగిన సభలో అంబేద్కర్ ఇచ్చిన పిలుపులో మొదటి మాట ఇంగ్లీషులో ‘ఎడ్యుకేట్’. ఎవరిని అనేది ఆ క్రియ చెప్పదు. తెలుగులో గోడల మీదా బ్యానర్ల మీదా ఎక్కువగా కనిపించేది ‘బోధించు, సమీకరించు, పోరాడు’. అంటే మొదటి పని పక్కవాళ్లకి చెప్పడం. మరాఠీలో అదే మాట ‘శికా’ అయింది, అంటే నేర్చుకోండి. మొదటి పని నేను నేర్చుకోవడం. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనడానికి లేదు, ఇంగ్లీషు మాటలో రెండింటికీ చోటుంది. తెలుగు పాఠాన్ని ఇష్టపడేవాళ్లు, ఒక్కడు నేర్చుకుని ఊరుకుంటే సమాజం కదలదు, తెలిసినది పంచడంతోనే ఉద్యమం మొదలవుతుందంటారు. మరాఠీ పాఠాన్ని ఇష్టపడేవాళ్లు, చదువు దూరమైన మనిషితో ముందు అనాల్సింది “నువ్వు చదువుకో” అని కదా అంటారు.

ఈ ‘శికా’ ఏ ధాతువులోంచి వచ్చిందో చెబితే ఆ ఆరో తరగతి అమ్మాయి కాసేపు నమ్మలేదు. శిక్ష్ ప్రాకృతంలో సిక్ఖ్ అయి, మరాఠీలో శికణే, హిందీలో సీఖ్‌నా అయింది. ఆ పథకం పేరులో తనకి దండనలా వినపడిన మాటా, నేర్చుకోండి అని పిలిచే ఈ మాటా ఒకే ఇంటివి.